నలభై నాలుగు గడులు

వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకు రండి. కుర్చీలు ఉన్నాయి. చిన్నవి, పిల్లలు కూర్చునేవి, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అయినా కూర్చోండి. మాస్టారు ముప్ఫయ్యేళ్ళు ఈ కుర్చీల్లోనే కూర్చున్నారు. మనం ఒక్క గంట కూర్చోలేమా?

మాస్టారి ఇల్లాలైన అక్కయ్యగారూ, వారి అమ్మాయివైన తల్లీ, మాస్టారి బంధువులూ, నాతో కలిసి పనిచేసేవాళ్ళూ, మీ పిల్లల్ని నమ్మి ఈ గదుల్లో వదిలిపెట్టిన అమ్మలూ నాన్నలూ, అందరికీ నమస్కారం. ఇంతమంది వస్తారనుకోలేదు. మాస్టారు ఉండుంటే మనల్ని చూసి మూలకి తప్పుకునేవారు.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆయన ఆ గుమ్మంలో నిలబడి గొడుగు విదిలించారు. పదకొండు కొట్టేసరికి లేరు. ఇవాళ ఆదివారం. నా బుర్రకి ఇంకా ఎక్కలేదు. నిన్న ఒక కాగితంలో ఏదో అనుమానం వచ్చి, మాస్టారిని అడుగుదామని లేచి ఆయన గది దాకా వెళ్ళాను. తలుపు మీద చెయ్యి వేశాక గుర్తొచ్చింది. ఈ వారంలో మీలో ఎంతమందికి ఇలా జరిగింది? ఎంతమంది ఫోన్ చేతిలోకి తీసుకుని ఆగిపోయారు?

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు ఒక మాట అన్నారు. అదృష్టవంతుడు, కూర్చున్న కుర్చీలోనే బాధ తెలియకుండా దాటిపోయాడు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, నేను కాదనను. కానీ బాధ తెలియకుండా పోయారని ఎవరు చూశారు? అక్కడున్నదాన్ని నేను. ఆ గోడకున్న అద్దానికి అవతల, ఆయనకి పది అడుగుల దూరంలో కూర్చుని చూసినదాన్ని నేను. బాధ తెలియకుండా పోలేదు ఆయన.

అక్కయ్యగారూ, క్షమించండి. ఈ మాట మీ ఇంట్లో మీ ఒక్కరికే చెప్పాల్సింది. బుధవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి మీ ఇంటి మెట్లెక్కాను. లోపల జనం ఉన్నారని నాకు నేనే సాకు చెప్పుకుని దిగిపోయాను. అందుకే ఇప్పుడు, ఇంతమందిలో చెప్తున్నాను. విన్నాక మీరు జన్మలో నా మొహం చూడకపోయినా నేను తప్పు పట్టను. ఇలా అందరి ముందు చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. జరిగినదానికి మేం పనిచేసే ఈ పరిశోధన కేంద్రం ఒకామె మీద తప్పు మోపబోతోంది. ఆమె కూడా ఈ గదిలోనే కూర్చుని ఉంది. ఆ తప్పు ఆమెది కాదు, నాది.

అయితే మా పని ఏమిటో, మాస్టారు మాకు ఏం నేర్పారో చెప్పకుండా సోమవారం సంగతి చెప్తే మీకు అర్థం కాదు. కాస్త ఓపిక పట్టండి.

మనుషుల మనసు తెలుసుకోవడానికి సైకాలజీలో చాలా దారులున్నాయి. కొందరు ప్రశ్నలడుగుతారు. కొందరు పరీక్షలు పెడతారు. మేం అవేవీ చెయ్యం. మేం చూస్తాం. ఒక మూల కూర్చుని, అడ్డు రాకుండా, నోరు మెదపకుండా చూస్తాం. చూసింది చూసినట్టు రాస్తాం. అంతే మా పని. వినడానికి ఎంత తేలిక! మా అత్తగారు నన్ను పెళ్ళయిన కొత్తలో అడిగారు, ఊరికే చూస్తూ కూర్చుంటే జీతమిస్తారా, ఆ ఉద్యోగం మా వాడికి కూడా ఇప్పించమ్మా అని. ఆవిణ్ణి తప్పు పట్టలేం.

నేను ఇక్కడ చేరిన రోజు మాస్టారు నా చేతికి ఒక పెన్సిలూ కాగితమూ ఇచ్చి, ఇదే గదిలో ఆడుకుంటున్న ఒక పిల్లవాణ్ణి చూపించి, పది నిమిషాలు చూసి రాయమన్నారు. నేను అప్పుడే చదువు పూర్తిచేసి వచ్చాను. తల నిండా పుస్తకాలే. పేజీన్నర రాశాను. పిల్లవాడు కోపంగా ఉన్నాడని, తల్లి వెళ్ళిపోయిందని బెంగ పెట్టుకున్నాడని, ఆ బెంగ వల్ల మొండికేస్తున్నాడని, బొమ్మ మీద కసి తీర్చుకుంటున్నాడని. నా అంతటి పరిశీలకురాలు లేదనుకుంటూ ఆయన చేతికి ఇచ్చాను. ఆయన నిదానంగా చదువుతూ ఒక్కో మాటా కొట్టేసుకుంటూ వెళ్ళారు. కోపం కొట్టేశారు. బెంగ కొట్టేశారు. కసి కొట్టేశారు. ఆఖరికి నా పేజీన్నరలో మూడు మాటలు మిగిలాయి. పిల్లవాడు, బొమ్మ, విసిరాడు.

అప్పుడు అన్నారు, "అమ్మాయ్, నీకు చెయ్యి కనిపించింది. కోపం కనిపించలేదు. చూసింది రాయి. అనుకున్నది ఇంటికి తీసుకెళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకాన్ని నేను, నన్ను పట్టుకుని ఉత్తగా చూడమంటారేమిటి అనుకున్నాను. మర్నాడు మానేద్దామనుకున్నాను. మానలేదు. ఎందుకంటే ఆ పిల్లవాడు బొమ్మ ఎందుకు విసిరాడో మధ్యాహ్నానికి తెలిసింది. బొమ్మ లోపల పురుగు ఉంది. కోపమూ లేదు, బెంగా లేదు. పురుగుని చూసి విసిరేశాడు, అంతే. నేను ఆ పసివాడి మీద పేజీన్నర కథ అల్లాను.

ఆ రోజు నుంచి పందొమ్మిదేళ్ళు. ఇంటికి తీసుకెళ్ళిన అనుకున్నవన్నీ ఇంట్లోనే పడున్నాయి. ఇక్కడ మాత్రం చూసిందే రాశాను. నేను బాగా నేర్చుకున్నాను. మాస్టారు నలుగురిలో చెప్పుకునేవారు, చూపంటే మా అమ్మాయిదే అని. ఆ మాటకి పొంగిపోయేదాన్ని.

ఆయన్ని పిల్లలు మూల తాతయ్య అనేవారు. ఇక్కడున్న చాలామంది అమ్మలకి తెలుసు. ఏ కొత్త బడికి వెళ్ళినా మొదటి రెండు వారాలు ఆయన ఏమీ రాసేవారు కాదు. ఒక మూల కూర్చునేవారు, అంతే. పిల్లలు మొదట వచ్చి చూసేవారు, గుచ్చిగుచ్చి అడిగేవారు, బుగ్గ లాగేవారు. ఆయన పలికేవారు కాదు, నవ్వేవారు కాదు. నాలుగో రోజుకి విసుగొచ్చి వదిలేసేవారు. పదో రోజుకి ఆయన ఉన్నట్టే మర్చిపోయేవారు. అప్పుడు పెన్సిల్ తీసేవారు. ఒక బడిలో టీచరమ్మ పిల్లలతో గదిలో ఏమేం ఉన్నాయో చెప్పించింది. బల్ల, పలక, కిటికీ, బకెట్, తాతయ్య, చీపురు అని వరసగా చెప్పారు. బకెట్‌కీ చీపురుకీ మధ్య చోటు దొరికింది మాస్టారికి. జీవితంలో అంతకంటే పెద్ద బిరుదు తనకి రాలేదని ఆయన అందరికీ చెప్పుకున్నారు.

అదే బడిలో ఇంకొకటి జరిగింది. నాలుగు నెలలు గడిచాయి. పిల్లలు ఒకరితో ఒకరు బొమ్మలు ఎలా పంచుకుంటారో చూస్తున్నారు మాస్టారు. నాలుగు నెలల కాగితాలు, రెండు అట్టపెట్టెల నిండా. ఒక రోజు ఒక పాప పూస నోట్లో వేసుకుంది. టీచరమ్మ పక్కగదిలో ఉంది. పాప దగ్గింది, తర్వాత దగ్గు ఆగిపోయింది. మాస్టారు కాగితాలు నేల మీద పారేసి, బల్లలు తోసుకుంటూ వెళ్ళి, పాపని బోర్లా తిప్పి వీపు మీద చరిచారు. పూస బయటికొచ్చింది. పాప ఏడిచింది. ఆ తర్వాత ఆ బడిలో మూల తాతయ్య మూలలో ఉండలేకపోయారు. బల్ల లేచి పరిగెత్తిందని తెలిశాక పిల్లలు ఊరుకుంటారా? ఒకరు ఒళ్ళో, ఒకరు భుజం మీద. ఇక వాళ్ళు ఆయన్ని మర్చిపోయేది లేదు, ఆయన రాసేదీ లేదు. నాలుగు నెలల పని సగంలో ఆగిపోయింది. నేను బాధపడుతుంటే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "కాగితాలు పోయాయి, పిల్ల ఉంది. ఇందులో నీకు లెక్క తేలనిది ఏముంది?" అన్నారు.

ఇది నాకు తెలుసు. చూడండి, ఇది నాకు ముందే తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ కథ ఏటా నేనే చెప్తాను.

ఇంట్లో ఆయన ఎలా ఉండేవారో అక్కయ్యగారికి తెలియాలి. ఆవిడ కుట్టుమిషన్ తొక్కుతూ మాతో అనేవారు, "ఈయన లోకమంతా చూస్తారు, పొయ్యి మీద పాలు తప్ప." ఎన్ని గిన్నెలు మాడ్చారో! కానీ ఒక్క సంగతి నాకు ఆయనే చెప్పారు. మా రంగంలో చాలామంది సొంత పిల్లల్ని చూసి రాసుకుంటారు. పుట్టినప్పటి నుంచి నోటు పుస్తకాలు నింపుతారు. ఈయన రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగితే, నా కూతుర్ని చూసేటప్పుడు నేను మూలలో కూర్చోలేనమ్మాయ్ అన్నారు. తల్లీ, నువ్వు ఇవాళ రైలు నడుపుతున్నావు. నువ్వు మొదటిసారి బండి తీసిన రోజు ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపుతూ బండి వెంట పరిగెత్తి, బల్ల తగిలి పడ్డారట. మర్నాడు మోకాలికి కట్టుతో వచ్చి, దెబ్బ ఎలా తగిలిందో మాకు చెప్పకుండా రెండు రోజులు దాచారు.

ఇక సోమవారం.

మా కేంద్రంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి ఏడాది శిక్షణ అయ్యాక ఒక పరీక్ష. ఆ పక్క గోడకున్న పెద్ద అద్దం చూడండి. ఇటునుంచి అది అద్దం. అటుపక్క చిన్న గదిలోంచి చూస్తే అది కిటికీ. ఆ గదిలో ఇద్దరం కూర్చుంటాం, పరీక్ష రాసేవాళ్ళు ఒకరు, పాతవాళ్ళు ఒకరు. ఈ గదిలో మాస్టారు ఒక్కరే ఉంటారు. అరగంట పాటు ఆయనకి తోచింది చేస్తారు. పేపరు చదువుతారు, నడుస్తారు, బొమ్మలు సర్దుతారు. మా చెవిలో పదిహేను సెకన్లకోసారి చిన్న గంట మోగుతుంది. గంట మోగిన క్షణంలో ఆయన ఏం చేస్తున్నారో, దానికి ఒక అంకె. నడక ఒకటి, చదవడం రెండు, అలా. కదలకుండా కూర్చుంటే తొమ్మిది. గడిలో అంకె వేయడం, తర్వాతి గంట కోసం చూడటం. నిమిషానికి నాలుగు గడులు. ఆఖర్న ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి ఎన్ని గడులు కలిశాయో చూస్తాం. ఇద్దరి చూపూ ఎంత కలిస్తే పని అంత నికార్సయినదని లెక్క. ఒక నియమం మాత్రం గట్టిది. ఆ ఇద్దరూ మాట్లాడుకోకూడదు. ఒకరి మొహం ఒకరు చూడకూడదు. చూసుకుంటే ఇద్దరూ కలిసి ఒక కథ అల్లేస్తారు.

ఆ అరగంటలో మాస్టారు ఊరికే కూర్చునేవారు కాదు, నాటకాలాడేవారు. ఒక ఏడాది మొహం చేతుల్లో దాచుకుని భుజాలు కదిలించారు. పరీక్ష రాసేవాడు ఏడుస్తున్నారని రాశాడు. బయటికొచ్చి, నేను నవ్వాను నాయనా, ఏడుపు ఎక్కడ చూశావు అన్నారు. ఇంకో ఏడు కుర్చీలోంచి జారినట్టు ఒరిగారు. ఆ ఏడు పరీక్షకొచ్చిన అతను పెన్సిల్ పారేసి తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాడు. మాస్టారు లేచి కూర్చుని అతన్ని ఫెయిల్ చేశారు. మళ్ళీ ఏడాది రమ్మన్నారు. కానీ ఆ సాయంత్రం నాతో ఒక మాటన్నారు. "పరీక్షలో లేచాడని తప్పించాను గానీ, పసిబిడ్డని ఎవరికైనా అప్పగించి ఊరెళ్ళాలంటే ముందు వాడికే అప్పగిస్తాను."

నేను ఆ మాటలో మొదటి సగమే గుర్తుపెట్టుకున్నాను. లేచినవాడు ఫెయిలయ్యాడు. అదొక్కటే గుర్తుంది నాకు.

సోమవారం పరీక్ష రాసినామె మా దగ్గరికి రాకముందు ఆరేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసింది. తలుపు పక్కన కూర్చుంది, మీరంతా తిరిగి చూడక్కర్లేదు. పది గంటలకి మొదలుపెట్టాం. మాస్టారు మామూలుగానే ఉన్నారు. బొమ్మల అలమర సర్దారు, పేపరు తిరగేశారు. పదీ పద్నాలుగుకి ఆ కుర్చీలో కూర్చున్నారు, ఆ నీలం కుర్చీలో. అక్కడి నుంచి మా కాగితాల మీద నలభై నాలుగు గడులున్నాయి. అంటే పదకొండు నిమిషాలు.

మొదటి గడుల్లో ఇద్దరం తొమ్మిది వేశాం. తర్వాత ఆయన ఎడమ చెయ్యి రుద్దుకున్నారు. దానికో అంకె వేశాం. చొక్కా పైగుండీ తీసుకున్నారు. దానికో అంకె వేశాం. నుదురు తుడుచుకున్నారు, దానికీ వేశాం. ఈ ఏడు మాస్టారు నాటకం బాగా ఆడుతున్నారు అనుకున్నాను నేను. అవును, అనుకున్నాను. అనుకున్నది ఇంటికి తీసుకెళ్ళాలి కదా, అందుకని రాయలేదు.

తర్వాత ఆయన అద్దం వైపు చూశారు. ఈ పందొమ్మిదేళ్ళలో పరీక్ష మధ్యలో ఆయన అద్దం వైపు చూడటం నేను ఎరగను. ఆయనకి తెలుసు, అద్దం వెనక ఎవరున్నారో. చూస్తూ కుడి చెయ్యి ఇంత ఎత్తారు. ఇంతే. భుజం దాకా కూడా రాలేదు. నా కాగితంలో పదిహేడో గడిలో చెయ్యి ఎత్తడానికి వేసే అంకె ఉంది. చక్కగా, గడి దాటకుండా వేశాను.

ఆయన నన్ను పిలిచారు. నేను అంకె వేశాను.

నర్సమ్మ కాగితంలో పదిహేడో గడి ఖాళీ. ఎందుకు ఖాళీయో చెప్తాను. అప్పుడు ఆమె పెన్సిల్ ఆపి నా మొహం చూసింది. చూడకూడదు, నియమం ఉంది, అయినా చూసింది. నోరు తెరవబోయింది. నేను ఆమె వైపు తల తిప్పకుండా, పెన్సిల్‌తో ఆమె కాగితం మీద రెండుసార్లు కొట్టాను. రాయి అని. పందొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న పెద్దదాన్ని, పరీక్ష పెట్టేదాన్ని, నేను రాయమన్నాను. ఆమె రాసింది. ఏం చేస్తుంది మరి? మీరైతే ఏం చేసేవారు?

ఆ తర్వాత ఇరవై ఏడు గడులు. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. ఇద్దరివీ.

ఆఖరికి వచ్చింది ఎవరో తెలుసా? ఈ గదులు తుడిచే అమ్మ. వెనక వరసలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుందే, ఆవిడ. తుడవడానికి బకెట్ పట్టుకుని ఈ గది తలుపు తీసుకుని వచ్చింది. ఆవిడకి పరీక్ష సంగతి తెలియదు, అంకెలు తెలియవు. గుమ్మంలో అడుగు పెట్టింది, బకెట్ వదిలేసింది. "అయ్యో, మాస్టారికి ఏమైందో చూడండమ్మా" అని కేక పెట్టింది. మమ్మల్ని చూడమంది ఆవిడ. పదకొండు నిమిషాలుగా మేం చేస్తున్న పని అదే. నర్సమ్మ నాకంటే ముందు పరిగెత్తింది. ఆస్పత్రి బండి వచ్చేదాకా, వచ్చాక దారి పొడుగునా ఆయన ఛాతీ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నేను ఏం చేశానో అడగండి. నేను ఆ చిన్న గదిలోనే కాసేపు నిలబడిపోయాను. ఎదురుగా రెండు కాగితాలు. పందొమ్మిదేళ్ళ అలవాటు, కళ్ళు వాటంతట అవే గడులు పోల్చుకున్నాయి. నలభై నాలుగింట నలభై మూడు కలిశాయి. మా కేంద్రంలో ఇంతవరకు ఎవరికీ ఇన్ని కలవలేదు. ఒక క్షణం, ఒక్క క్షణం, నాకు తృప్తిగా అనిపించింది. అక్కయ్యగారూ, ఇది మీకు చెప్పకుండా నేను బతకలేను. ఆయన అక్కడ అలా ఉంటే నాకు తృప్తిగా అనిపించింది.

డాక్టరుగారిని అడిగాను. పది నిమిషాల ముందు తెచ్చుంటే బతికేవారా అని. ఆయన మంచి మనిషి, అబద్ధం చెప్పలేదు, ఊరడించనూ లేదు. చెప్పలేను అన్నారు. బతికుండేవారేమో, కాదేమో అన్నారు. ఆ 'ఏమో'ని నేను ఏ గడిలో వెయ్యను?

గురువారం కేంద్రం పెద్దలు ఒక నివేదిక రాసి నా సంతకానికి పంపారు. అందులో ఒక వాక్యం, శిక్షణలో ఉన్న పరిశీలకురాలు అస్వస్థతను సకాలంలో గుర్తించలేదు అని. పరిశీలకురాలు అని ఒక్కరినే రాశారు. రెండో మనిషి గదిలో లేనట్టే. సంతకం పెట్టలేదని నేను గొప్పలు పోవడానికి లేదు. రెండు రోజులు ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. ఒకసారి పెన్ను మూత తీశాను. పెట్టేస్తే నా ఉద్యోగం ఉంటుంది, నా పేరు ఉంటుంది, మీ ఇంటి గడప నేను మామూలుగా తొక్కొచ్చు. ఆమె కొత్త మనిషి, మళ్ళీ ఏ ఆస్పత్రిలోనో చేరిపోతుంది అనుకున్నాను. చూశారా, అనుకోవడం మొదలుపెడితే ఎంత దూరం పోతామో!

ఆమె శుక్రవారం వచ్చి రాజీనామా ఇచ్చింది. మాస్టారిని నేనే చంపానండీ అంది. అప్పుడు పెన్ను మూత పెట్టేశాను. ఆరేళ్ళు ఆస్పత్రిలో పనిచేసిన కళ్ళు సరిగ్గానే చూశాయి. పదిహేడో గడి దగ్గర ఆమెకి తెలిసింది. తెలిసి ఆగింది. ఆపింది నేను. పెద్దలందరూ వినండి, రాసుకునేవాళ్ళుంటే రాసుకోండి. ఆమె తప్పేమీ లేదు. ఆ రెండు కాగితాలూ చించెయ్యమని నాకు సలహా ఇచ్చినవాళ్ళు కూడా ఇక్కడున్నారు. చించలేదు. ఇందాక సభ మొదలు కాకముందు, తల్లీ, నీ చేతిలో ఒక కవరు పెట్టి తర్వాత చూడమన్నాను. అవే అవి. మీ నాన్నగారి ఆఖరి పదకొండు నిమిషాలు. నువ్వూ అమ్మా ఎప్పుడు చూసుకుంటారో, అసలు చూసుకుంటారో లేదో మీ ఇష్టం. నన్ను ఏం చెయ్యాలో కూడా మీ ఇష్టమే. ఇల్లు కాలాక నీళ్ళు మోసుకొచ్చినట్టుంది నా వ్యవహారం, నాకు తెలుసు.

మాస్టారూ, మీ మీద కూడా నాకు కోపంగా ఉంది. ఉంది, కనిపించకపోయినా ఉంది, కొట్టెయ్యకండి. చూడటం నేర్పారు, ఎలా కూర్చోవాలో నేర్పారు. ఎప్పుడు లేవాలో మాత్రం ఒక్కసారి మీరు చేసి చూపించి, ఒక్కసారి మాట జారవిడిచి వదిలేశారు. దాన్నే పరీక్షగా పెట్టి ఉండాల్సింది. ఇంత మంచి మనిషి మీద చచ్చాక కోప్పడటం ఏమిటని మీరంతా అనుకోవచ్చు. నాకు ఆయన కావాలి. ఆయన బతికుంటే ఈ కోపం ఆయన మొహం మీదే చూపించి, తిట్లు తిని, ఇద్దరం కలిసి టీ తాగేవాళ్ళం.

రేపటి నుంచి నేను ఈ కేంద్రంలో ఉంటానో లేదో తెలియదు. ఉన్నా లేకపోయినా, ఈ ఏటి నుంచి ఆ పరీక్ష మారాలి. లోపలికి పరిగెత్తినవాళ్ళని తప్పించకండి. నేను కోరేది ఇంతే.

ఇప్పుడు మాస్టారి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. చిన్న కుర్చీలు, నెమ్మదిగా లేవండి, మోకాళ్ళు జాగ్రత్త. ఒక్క మనవి. మామూలుగా ఇలాంటప్పుడు తల వంచుకుని కళ్ళు మూసుకుంటాం. ఇవాళ వద్దు. కళ్ళు తెరిచి ఉంచండి. ఎవరి పక్కన ఎవరున్నారో చూడండి. ఈ రెండు నిమిషాల్లో మీ పక్కవారి మొహం పాలిపోయినా, చెయ్యి కొంచెం లేచినా, అది దుఃఖమే అయ్యుంటుందిలే అని ఊరుకోకండి. మౌనం కదా, ఎలా మాట్లాడాలి అని సందేహించకండి. పట్టుకోండి. ఎలా ఉందని పైకే అడగండి. మౌనం చెడితే చెడనివ్వండి.

అక్కయ్యగారూ, మీరు లేవక్కర్లేదు. మీ పక్కన ఎవరో ఒకరు కూర్చోండమ్మా.

మిగతావాళ్ళం లేద్దాం.